ఎలుక బొరియ దగ్గరే గండి పడుతుంది: ప్రభుత్వ నెట్‌వర్క్‌కు కలిసిన మన ఆఫీసు కంప్యూటర్లను కాపాడుకునే పద్ధతి

ఏటా రెండుసార్లు, ధాన్యం కొనుగోళ్లు మొదలయ్యే ముందొకసారి, జూలైలో గోదావరి పెరిగే ముందొకసారి, నాకు ఒకటే ప్రశ్న వరసగా వస్తోంది. "మా ఆఫీసులో సిస్టమ్‌లు సేఫ్‌గా ఉండాలంటే ఏం చెయ్యాలండి, ముందేది తర్వాతేది అన్నట్టు చెప్పండి" అని. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతున్నారు, అందుకని మొత్తం ఇక్కడ రాసేస్తున్నాను.

ఇది సచివాలయంలో డిజిటల్ అసిస్టెంట్లకి, సొసైటీ ఆఫీసు సిబ్బందికి, పీహెచ్‌సీలో డేటా ఎంట్రీ చేసేవాళ్లకి, ఇరిగేషన్ సెక్షన్ ఆఫీసులవాళ్లకి, మీసేవ నడిపేవాళ్లకి. "దేశం కంప్యూటర్ల మీద దాడులు ఢిల్లీవాళ్లు చూసుకుంటారు, మనదేముంది" అనుకుంటే ఒక్క విషయం చూడండి. సహకార సంఘాల కంప్యూటరీకరణకి 2022 జూన్‌లో కేంద్రం ఆమోదం తెలిపింది. 63,000 సంఘాలతో మొదలైన ఆ ప్రాజెక్టులో సంఘాలన్నీ దేశమంతటికీ ఒకటే సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తాయి. అంటే గోదావరి లంకలో ఉన్న సొసైటీ టేబుల్ మీది కంప్యూటర్ ఇప్పుడు దేశం కంప్యూటరే. ఏటిగట్టు ఎంత ఎత్తు పోసినా ఎలుక బొరియో ఎండ్రకాయ బొరియో ఉన్నచోటే ముందు నీరు ఊరుతుంది, అక్కడే గండి పడుతుంది. మన వంతు గట్టులో బొరియలు వెతికి పూడ్చడమే ఈ మార్గదర్శి మొత్తం.

ఒక మాట ముందే చెబుతున్నాను. ఈ వారం మీకు ఒక్క పనికే టైం ఉంటే 6వ భాగం, అంటే బ్యాకప్, ముందు చెయ్యండి. తీరిక ఉంటే వరసలోనే వెళ్లండి, ఎందుకంటే ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉంటాయి.

మొదలుపెట్టే ముందు దగ్గర పెట్టుకోవలసినవి:

- గట్టి అట్ట ఉన్న నోట్‌బుక్ ఒకటి (కంప్యూటర్‌లో ఫైల్ పనికిరాదు, దాడి రోజు అది తెరుచుకోదు)
- ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులు రెండు, కొత్తవి
- రూటర్ వెనక స్టిక్కర్ ఫోటో
- మీ పై అధికారి రాతపూర్వక అనుమతి. ఇది మాత్రం మానొద్దు, ప్రభుత్వ కంప్యూటర్‌లో సెట్టింగ్‌లు మార్చేటప్పుడు ఎవరి మాట మీద మార్చామో కాగితం ఉండాలి
- ఒక పూట, జనం తక్కువ ఉండే రోజు

## 1. ముందు లెక్క తీయండి

ఏం ఉందో తెలియకుండా ఏదీ కాపాడలేం. నోట్‌బుక్‌లో ఒక్కో పరికరానికి ఒక్కో పేజీ ఇవ్వండి. కంప్యూటర్, ప్రింటర్, రూటర్, సీసీ కెమెరా రికార్డర్, వేలిముద్ర మెషీన్, ట్యాబ్, ఆఫీసు పనికి వాడే సొంత ఫోన్లు కూడా.

ప్రతి పేజీలో: ఎవరు వాడతారు, విండోస్ ఏ వెర్షన్ (స్టార్ట్ దగ్గర విన్‌వర్ అని ఇంగ్లిష్‌లో టైప్ చేస్తే చూపిస్తుంది), ఏ ప్రభుత్వ పోర్టల్స్ తెరుస్తారు, నెట్ కేబుల్‌తో వస్తుందా వైఫైతోనా, చివరిసారి ఎప్పుడు అప్‌డేట్ అయ్యింది.

తర్వాత రూటర్ పేజీ తెరిచి (స్టిక్కర్ మీద ఉన్న అడ్రస్‌ని బ్రౌజర్‌లో కొడితే వస్తుంది), దానికి కలిసి ఉన్న పరికరాల జాబితాని మీ నోట్‌బుక్‌తో పోల్చండి. ఒక చోట ఇలా చూస్తే ఎదురుగా ఉన్న టీ కొట్టు ఫోన్లు రెండు ఆఫీసు వైఫైలో ఉన్నాయి. పాపం వాళ్ల తప్పేం లేదు, ఎప్పుడో ఎవరో పాస్‌వర్డ్ ఇచ్చారు, వెనక్కి తీసుకోలేదు అంతే. జాబితాలో మీకు తెలియని పేరు ఒక్కటున్నా, అదేమిటో తేలేదాకా తర్వాతి మెట్టుకి వెళ్లొద్దు.

ఎక్కువగా జరిగే తప్పు: మూలన పడి ఉన్న పాత సిస్టమ్‌ని లెక్కలో రాయకపోవడం. స్కాన్ చెయ్యడానికనో, పాత రికార్డు చూడ్డానికనో ఆరు నెలలకోసారి దాన్ని ఆన్ చేస్తారు, కేబుల్ ఉంటుంది, అప్‌డేట్‌లు ఉండవు. అక్కరలేదనుకుంటే కేబుల్ తీసేసి, తీసినట్టు నోట్‌బుక్‌లో రాయండి.

## 2. అకౌంట్లు, పాస్‌వర్డ్‌లు, ముఖ్యంగా డాంగిల్

ప్రతి కంప్యూటర్‌లో రెండు అకౌంట్లు పెట్టండి. ఒకటి అడ్మిన్, సాఫ్ట్‌వేర్ ఎక్కించేటప్పుడు మాత్రమే వాడేది. రెండోది మామూలు యూజర్, రోజూ పని చేసుకునేది. మామూలు అకౌంట్‌లో ఉండగా పొరపాటున చెడ్డ ఫైల్ నొక్కినా, చాలా రకాల వైరస్‌లు సిస్టమ్ లోతుకి దిగలేవు. దీనికి పది నిమిషాలు పడుతుంది, ఖర్చు లేదు, అయినా నేను వెళ్లిన ఆఫీసుల్లో చాలావాటిలో అందరూ అడ్మిన్‌లోనే పని చేస్తున్నారు.

పాస్‌వర్డ్‌కి చిన్న పదం, చివర 123 వద్దు. ఒకదానికొకటి సంబంధం లేని నాలుగు తెలుగు మాటలు ఇంగ్లిష్ అక్షరాల్లో కలిపి రాయండి. కొబ్బరిపీచు, మంగళవారం, రేవు, ఇత్తడి, ఇలాంటివి. (ఇక్కడ రాసినవి వాడొద్దు, మీ సొంతవి వెతుక్కోండి.) ఊరి పేరు, పిల్లల పేరు, బండి నంబర్ ఉండకూడదు. ప్రతి పోర్టల్‌కీ వేరే పాస్‌వర్డ్ ఉండాలి. ఓటీపీ లేదా ఆథెంటికేటర్ యాప్ పెట్టుకునే వీలున్న ప్రతిచోటా అది ఆన్ చెయ్యండి. 2021లో అమెరికాలో పెద్ద ఇంధన పైప్‌లైన్ ఒకటి రోజుల పాటు ఆగిపోయింది. దొంగలు లోపలికి వచ్చింది వాడుకలో లేని ఒక రిమోట్ అకౌంట్ పాస్‌వర్డ్‌తో, దానికి రెండో తాళం లేదు.

ఇక డాంగిల్. నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించేది ఇదే. అధికారి డిజిటల్ సంతకం ఉన్న డాంగిల్ పొద్దున పెడితే సాయంత్రం దాకా సిస్టమ్‌కే ఉంటుంది, పిన్ నంబర్ మానిటర్ మీద కాగితం ముక్కలో ఉంటుంది. సంతకం చేసిన చెక్కుబుక్కు బల్ల మీద వదిలేసి భోజనానికి వెళ్లినట్టే. ఆ సిస్టమ్‌లోకి ఎవరైనా దూరితే మీ సారు పేరు మీద ఏ ఫైలైనా ఆమోదం అయిపోతుంది, తర్వాత ఆ సంతకం నాది కాదని నిరూపించుకోవడం మహా కష్టం.

- డాంగిల్ సంతకం చేసేటప్పుడే పెట్టాలి, వెంటనే తీసి బీరువాలో పెట్టి తాళం వెయ్యాలి
- పిన్ అధికారికి మాత్రమే తెలియాలి. "సార్ బిజీగా ఉంటారు, నేనే కొట్టేస్తా" అనే అలవాటు ఇవాళే ఆపండి
- బదిలీ అయినవాళ్ల లాగిన్ రిలీవ్ అయిన రోజే మూయించాలి. వీడ్కోలు టీ తాగేలోపు మెయిల్ వెళ్లిపోవాలి
- డాంగిల్ పోతే ఆ పూటే, ఆ సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థకి చెప్పి రద్దు చేయించాలి

అధికారికి ఈ మాట చెప్పడం సిబ్బందికి ఇబ్బందే, నాకు తెలుసు. ఈ పేజీ ప్రింట్ తీసి చూపించండి, మీ నోటితో చెప్పక్కర్లేదు.

## 3. పాత విండోస్, క్రాక్ కాపీలు

విండోస్ 7కి 2020 జనవరి 14తో, విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ అయిపోయింది. అంటే కొత్తగా బయటపడే కన్నాలకి మందు రాదు. సిస్టమ్ విండోస్ 11కి సరిపోతే ఎక్కించండి. సరిపోకపోతే మూడు దారులు: కొత్త సిస్టమ్‌కి ఇండెంట్ పెట్టడం, పొడిగించిన సెక్యూరిటీ అప్‌డేట్‌లు శాఖ ద్వారా తీసుకోవడం, ఈ రెండూ కుదిరేదాకా దాన్ని నెట్ నుంచి తీసేసి టైపింగ్, ప్రింటింగ్‌కే వాడడం.

అప్‌డేట్ ఆలస్యం చేస్తే ఏమవుతుందో 2017లో చూశాం. వానాక్రై అనే వైరస్ వాడిన కన్నానికి మైక్రోసాఫ్ట్ ఆ ఏడాది మార్చి 14నే ప్యాచ్, అంటే ఆ కన్నం పూడ్చే అప్‌డేట్, ఇచ్చింది, దాడి మే 12న మొదలైంది. మధ్యలో రెండు నెలలు ఉన్నాయి. ప్యాచ్ వేసుకున్నవాళ్లకి అది తగల్లేదు, వేసుకోనివాళ్లలో మన రాష్ట్ర పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని ఉన్నాయి.

మన దగ్గర ఇంకో ప్రత్యేకమైన జబ్బు ఉంది: తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ క్రాక్ కాపీ. ఎవరో డీటీపీ షాపు నుంచి పెన్‌డ్రైవ్‌లో తెస్తారు, ఎక్కించేటప్పుడు "యాంటీవైరస్ ఆపెయ్యండి, లేకపోతే పనిచెయ్యదు" అంటారు. ఆ మాట వినగానే ఆగిపోండి. తాళం తియ్యమని అడిగే క్రాక్ ఫైల్‌లో ఇంకేముందో ఎవరికీ తెలియదు. విండోస్‌లోనే తెలుగు కీబోర్డ్ ఉచితంగా ఉంది. సెట్టింగ్స్‌లో భాషల దగ్గర తెలుగు కలుపుకుంటే ఫొనెటిక్ కూడా వస్తుంది, ఇంగ్లిష్ అక్షరాలు కొడితే తెలుగు పడుతుంది. వారం రోజులు చెయ్యి తిరగదు, తర్వాత అలవాటైపోతుంది. విండోస్‌నే యాక్టివేట్ చేసే చిన్న చిన్న టూల్స్ విషయంలోనూ ఇదే మాట.

## 4. నెట్‌వర్క్: వంతుకి ఒక లాకు ఉండాలి

కాలువకి ఎక్కడికక్కడ లాకులు, తూములు ఎందుకు కట్టారు? ఒకచోట తేడా వస్తే అక్కడికక్కడ దించెయ్యడానికి. నెట్‌వర్క్ కూడా అంతే. 2022 నవంబర్ 23న ఢిల్లీ ఎయిమ్స్ మీద దాడి జరిగినప్పుడు రోజుల తరబడి ఓపీ, అడ్మిషన్లు కాగితం మీదే నడిచాయి. నెట్‌వర్క్‌ని సరిగ్గా విభాగాలు చెయ్యకపోవడమే కారణాల్లో ఒకటని తర్వాత ప్రభుత్వం పార్లమెంటుకి చెప్పింది.

వరసగా చెయ్యవలసినవి:

1. రూటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి. కంపెనీ ఇచ్చింది అలాగే ఉంటే అది లోకమంతటికీ తెలిసినదే.
2. రూటర్‌లో రిమోట్ మేనేజ్‌మెంట్ ఆపండి. డబ్ల్యూపీఎస్ బటన్ సదుపాయం (పాస్‌వర్డ్ కొట్టకుండానే వైఫైకి కలిపేది) ఆపండి. వైఫై తాళం పద్ధతి డబ్ల్యూపీఏ2 లేదా 3లో ఉండాలి.
3. వచ్చినవాళ్లకి, సిబ్బంది ఫోన్లకి గెస్ట్ వైఫై వేరేగా పెట్టండి. సీసీ కెమెరాలు కూడా అటే. కెమెరా ఉన్న లైన్‌లో ఆఫీసు సిస్టమ్‌లు ఉండకూడదు.
4. ప్రతి సిస్టమ్‌లో ఎస్ఎంబీ 1.0 (కంప్యూటర్ల మధ్య ఫైళ్లు పంచుకునే పాత పద్ధతి) టిక్ తీసెయ్యండి (విండోస్ ఫీచర్స్‌లో ఉంటుంది). వానాక్రై పాకింది ఈ దారినే.
5. రిమోట్ డెస్క్‌టాప్ అక్కర్లేకపోతే ఆపండి. ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ లాంటివి రిపేర్ అబ్బాయి ఎప్పుడో ఎక్కించి వదిలేసి ఉంటాడు, తీసెయ్యండి. మళ్లీ అవసరమైతే ఆ రోజు పెట్టి ఆ రోజే తియ్యండి.

ఎక్కువగా జరిగే తప్పు ఒకటుంది, దీన్ని కొంచెం వివరంగా చెప్పాలి. ప్రభుత్వ లైన్ స్లోగా ఉంటుంది. కొనుగోళ్ల సీజన్‌లో బయట ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి, రైతులు తిడుతుంటారు, సర్వర్ తిరుగుతూనే ఉంటుంది, టెన్షన్‌లో మన ఆపరేటర్ ఫోన్ హాట్‌స్పాట్ కలిపేస్తాడు. కేబుల్ మాత్రం తియ్యడు. అప్పుడు ఆ కంప్యూటర్‌కి ఒక కాలు ప్రభుత్వ నెట్‌వర్క్ లోపల, ఇంకో కాలు బయట బజారులో ఉంటుంది. బయటినుంచి వచ్చేది ఆ కంప్యూటర్ మీదుగా లోపలికి దాటిపోవచ్చు. తప్పనిసరైతే ముందు కేబుల్ తీసి, తర్వాతే హాట్‌స్పాట్ కలపండి, పని అయ్యాక హాట్‌స్పాట్ మర్చిపోయేలా చేసి కేబుల్ పెట్టండి. అసలు మందు మాత్రం రెండో లైన్‌ని శాఖ ద్వారానే తెచ్చుకోవడం. హాట్‌స్పాట్ వాడిన ప్రతిసారీ తేదీ, టైం నోట్‌బుక్‌లో రాయండి, నెలకి ఇన్నిసార్లు వాడాల్సి వచ్చిందని లెక్క చూపిస్తేనే పైవాళ్లు కదులుతారు.

## 5. మెసేజ్‌లు, మెయిల్స్, ఏపీకే ఫైళ్లు

ఇదివరకు మోసపు మెయిల్‌ని భాష చూసి పట్టేసేవాళ్లం. తెలుగు వంకరగా ఉండేది, స్పెల్లింగ్‌లు తప్పుండేవి. ఆ రోజులు పోయాయి. ఇప్పుడు ఏఐతో చక్కని ఆఫీసు తెలుగులో, మెమో నంబర్ వేసి పంపుతున్నారు. గొంతు కూడా అచ్చం కలెక్టరేట్ సార్ గొంతులా తయారు చెయ్యగలరు. అందుకే మెసేజ్ చూడ్డానికి ఎలా ఉందన్నది లెక్కలోకి తీసుకోవద్దు, అది ఏం చెయ్యమంటోందో చూడండి.

లింక్ నొక్కమన్నా, ఫైల్ ఎక్కించమన్నా, ఓటీపీ చెప్పమన్నా, బ్యాంక్ అకౌంట్ నంబర్ మార్చమన్నా, "అర్జెంట్, మీటింగ్‌లో ఉన్నా, ఫోన్ చెయ్యకు" అన్నా, అక్కడ ఆగాలి. నోట్‌బుక్‌లో ముందే రాసుకున్న నంబర్‌కి మీరే ఫోన్ చేసి అడగాలి. ఆ మెసేజ్‌లోనే ఉన్న నంబర్‌కి చెయ్యకూడదు. నిజంగా సారే పంపితే, అడిగినందుకు కోప్పడకూడదని సారుకి ముందే చెప్పి ఒప్పించి ఉంచండి.

పీఎం కిసాన్, ట్రాఫిక్ చలానా, పెళ్లి పత్రిక, బ్యాంక్ కేవైసీ, ఇలాంటి పేర్లతో వాట్సాప్‌లో ఏపీకే ఫైళ్లు, అంటే ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైళ్లు, తిరుగుతున్నాయి. ఎక్కిస్తే ఫోన్‌కి వచ్చే మెసేజ్‌లన్నీ, ఓటీపీలతో సహా, అవతలివాడికి వెళ్లిపోతాయి. మీ ఫోన్‌కే ప్రభుత్వ పోర్టల్ ఓటీపీ వస్తుంటే, పోయేది మీ డబ్బొక్కటే కాదని గుర్తుంచుకోండి. ఏపీకే ఎవరు పంపినా, చుట్టాలు పంపినా, ఎక్కించొద్దు. ప్లే స్టోర్‌లో ఉంటే అక్కడినుంచి, శాఖ సొంత యాప్ అయితే శాఖ రాతపూర్వకంగా ఇచ్చిన చోటు నుంచి మాత్రమే.

వెబ్‌సైట్ అడ్రస్‌ని కుడి నుంచి ఎడమకి చదవడం నేర్చుకోండి. మొదట్లో ఉండే హెచ్‌టీటీపీఎస్ గుర్తులు వదిలేసి, ఆ తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీత (/) ముందు ఉన్న ముక్క చివర్న జీఓవీ డాట్ ఇన్ అనో ఎన్ఐసీ డాట్ ఇన్ అనో ఉండాలి. మధ్యలో జీఓవీ డాట్ ఇన్ ఉండి ఆ తర్వాత ఇంకో డాట్, ఇంకో పేరు ఉంటే అది దొంగది.

కంప్యూటర్‌లో రెండు సెట్టింగ్‌లు: ఫైల్ ఎక్స్‌టెన్షన్స్ కనబడేలా పెట్టండి (లేకపోతే "మెమో పీడీఎఫ్" అనిపించేది నిజానికి ప్రోగ్రామ్ అయి ఉంటుంది), బయటినుంచి వచ్చిన వర్డ్, ఎక్సెల్ ఫైళ్లలో మాక్రోలు (ఫైల్ లోపల ఉండే చిన్న ప్రోగ్రామ్‌లు) ఆన్ చెయ్యొద్దు.

## 6. బ్యాకప్

ఒక సొసైటీలో రబీ కొనుగోళ్ల మధ్యలో జరిగింది చెబుతాను. జెరాక్స్ షాపు నుంచి తిరిగొచ్చిన పెన్‌డ్రైవ్ పెట్టారు. సాయంత్రానికి ఫైళ్ల పేర్ల చివర ఏవో పిచ్చి అక్షరాలు వచ్చాయి, ఒక్కటీ తెరుచుకోలేదు. నన్ను పిలిచి "బ్యాకప్ ఉందండి, భయం లేదు" అన్నారు. ఉంది నిజమే. కానీ ఆ హార్డ్ డిస్క్ రెండేళ్లుగా అదే సిస్టమ్‌కి తగిలించి ఉంది, దాన్లో ఫైళ్లు కూడా లాక్ అయిపోయాయి. కాగితం టోకెన్లు, రసీదు పుస్తకాలు ముందేసుకుని అందరం కూర్చుని మూడు వారాలు మళ్లీ ఎక్కించాం. ఆ డిస్కుని రోజూ సాయంత్రం తియ్యమని అంతకుముందు నేను గట్టిగా చెప్పి ఉండాల్సింది. అప్పటినుంచి ఎక్కడికెళ్లినా ముందు అడిగేది అదే: డిస్క్ ఇప్పుడు ఎక్కడుంది?

పద్ధతి ఇది. మొత్తం మూడు కాపీలు (అసలుతో కలిపి), రెండు వేరు వేరు పరికరాల మీద, అందులో ఒకటి వేరే ఊళ్లో లేదా వేరే భవనంలో.

- డిస్కులకి "అ", "ఆ" అని పేర్లు రాయండి. ఒక శుక్రవారం "అ", తర్వాతి శుక్రవారం "ఆ". కొనుగోళ్ల సీజన్‌లో రోజు విడిచి రోజు
- కాపీ అవ్వగానే డిస్క్ తీసెయ్యండి. తగిలించి ఉన్నది బ్యాకప్ కాదు
- ఒక డిస్క్ ఎప్పుడూ మండల ఆఫీసు బీరువాలోనో, గట్టు దాటిన తర్వాత ఉన్న పై అంతస్తులోనో ఉండాలి. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకల్లో కింద అరల్లో పెట్టినవి ఏమయ్యాయో మీకు నేను చెప్పక్కర్లేదు
- ఉప్పుగాలి, తేమ డిస్కులకి పడవు. గాలి చొరబడని స్టీలు డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి, పొట్లాలు ఏడాదికోసారైనా మార్చండి
- ప్రజల ఆధార్, బ్యాంక్ వివరాలు ఉంటాయి కాబట్టి డిస్కుని బిట్‌లాకర్‌తో తాళం వెయ్యండి, రికవరీ కీ కాగితం మీద రాసి అధికారి బీరువాలో పెట్టండి. సొంత గూగుల్ డ్రైవ్‌లో, వాట్సాప్ గ్రూపులో ఆఫీసు డేటా పెట్టొద్దు
- నెలకోసారి డిస్కులోంచి ఏదో ఒక ఫోల్డర్ వేరే సిస్టమ్‌లోకి తెచ్చి తెరిచి చూడండి. తెరిచి చూడని బ్యాకప్ ఉందో లేదో చెప్పలేం

వేరే ఊళ్లో కాపీ అంటే ఎంత విలువో ఒక ఉదాహరణ. 2017 జూన్‌లో నాట్‌పెట్యా దాడిలో మేర్స్క్ అనే ప్రపంచ స్థాయి ఓడల కంపెనీ కంప్యూటర్లు పడిపోయాయి, ముంబై దగ్గరి జేఎన్‌పీటీ రేవులో వాళ్ల టెర్మినల్ కూడా ఆగింది. కంపెనీ అందరి లాగిన్‌లు ఉంచే సర్వర్లన్నీ పోయాయి, ఒక్క ఘనా దేశంలోది తప్ప. దాడి సమయానికి అక్కడ కరెంటు పోయి ఆ సర్వర్ నెట్‌లో లేదు. ఆ ఒక్క కాపీతో మొత్తం తిరిగి నిలబెట్టుకున్నారు. వాళ్లకి కరెంటు కోత చేసిపెట్టిన పనిని, మనం శుక్రవారం సాయంత్రం డిస్క్ పీకి చేసుకోవాలి.

విండోస్ సెక్యూరిటీలో కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ అని ఉంటుంది, అది కూడా ఆన్ చెయ్యండి. మొదట్లో మామూలు సాఫ్ట్‌వేర్లని కూడా ఆపుతుంది, ఒక్కొక్కదాన్నీ అనుమతించుకుంటూ పోవాలి, విసుగొచ్చి తీసెయ్యొద్దు.

## 7. గడియారం, లాగ్‌లు

సెర్ట్-ఇన్, అంటే దేశంలో సైబర్ దాడుల సంగతి చూసే ప్రభుత్వ సంస్థ, 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్‌లు (ఎప్పుడేం జరిగిందో కంప్యూటర్ రాసుకునే చిట్టా) 180 రోజులు దాచాలి, కంప్యూటర్ గడియారాలు ఎన్ఐసీ (కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ) లేదా ఎన్‌పీఎల్ (జాతీయ భౌతిక ప్రయోగశాల) టైం సర్వర్లతో కలవాలి. చిన్న ఆఫీసులో చెయ్యగలిగేది: ఈవెంట్ వ్యూయర్‌లో సెక్యూరిటీ లాగ్ సైజు పెంచి, నెలకోసారి సేవ్ చేసి బ్యాకప్ డిస్కులో పడెయ్యడం, టైం సరిగ్గా ఉందో చూడడం. మదర్‌బోర్డ్ బ్యాటరీ అయిపోయిన సిస్టమ్‌లో తేదీ వెనక్కి పోతుంది, అప్పుడు ఏది ఎప్పుడు జరిగిందో ఎవరూ తేల్చలేరు. ఆ చిన్న బ్యాటరీ మార్పించండి.

## 8. పంపులు, గేట్లు, మీటర్లు నడిపే కంప్యూటర్లు

ఎత్తిపోతల పథకాలు, సబ్‌స్టేషన్లు, గ్యాస్ స్టేషన్లలో పనిచేసేవాళ్లకి మాత్రమే ఈ భాగం. యంత్రాన్ని నడిపే కంప్యూటర్‌కి ఇంటర్నెట్ ఉండకూడదు, దానిలో మెయిల్ చూడకూడదు, పాటలు పెట్టకూడదు, ఫోన్ చార్జింగ్ కూడా పెట్టకూడదు. 2019లో కూడంకుళం అణువిద్యుత్ కేంద్రంలో మాల్‌వేర్ దొరికింది ఆఫీసు పనుల నెట్‌వర్క్‌లోని కంప్యూటర్‌లో. రియాక్టర్‌ని నడిపే వ్యవస్థ దానినుంచి వేరుగా ఉంది. ఆ వేరుతనమే కాపాడింది.

సర్వీస్ ఇంజినీర్ తన ల్యాప్‌టాప్ తెస్తే ముందు స్కాన్ చేయించి, పక్కన ఒక మనిషి నిలబడి, ఏం మార్చాడో రాయించుకోండి. మొహమాటపడొద్దు.

## 9. దాడి జరిగిన రోజు

ధవళేశ్వరం దగ్గర మూడు ప్రమాద హెచ్చరికలు ఎలా ఉంటాయో మనందరికీ పిల్లప్పటినుంచి తెలుసు, 11.75 అడుగులకి ఒకటి, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఏ హెచ్చరికకి ఎవరేం చెయ్యాలో ముందే రాసి ఉంటుంది కాబట్టే ఆ రాత్రి జనం కంగారుపడరు. ఇక్కడా అలాగే రాసుకుందాం.

మొదటి హెచ్చరిక: అనుమానం. మౌస్ దానంతటదే కదలడం, మీరు పంపని మెయిల్ వెళ్లడం, అడగని ఓటీపీ రావడం, యాంటీవైరస్ దానంతటదే ఆగిపోవడం.
చెయ్యాల్సింది: నెట్ కేబుల్ పీకి వైఫై ఆపండి. స్క్రీన్ ఫోటో తియ్యండి. టైం రాయండి. వేరే సిస్టమ్ నుంచి పాస్‌వర్డ్ మార్చండి. శాఖ ఐటీవాళ్లకి ఫోన్ చెయ్యండి.

రెండో హెచ్చరిక: ఒక సిస్టమ్ పడిపోయింది. ఫైళ్లు తెరుచుకోవు, డబ్బులు కట్టమని నోట్ కనబడుతుంది.
చెయ్యాల్సింది: ఆ సిస్టమ్‌ని నెట్ నుంచి విడదీయండి, ఆఫ్ చెయ్యొద్దు, రీస్టార్ట్ అసలే వద్దు. మెమరీలో ఉన్న ఆధారాలు పోతాయి. ఒక్క సందర్భంలో మాత్రం ఆఫ్ చెయ్యొచ్చు: ఎంత ప్రయత్నించినా నెట్ నుంచి విడదీయలేకపోతే. మిగతా సిస్టమ్‌లు అన్నీ చూడండి. అధికారికి ఫోన్, తర్వాత రాతపూర్వకంగా.

మూడో హెచ్చరిక: ఒకటి కంటే ఎక్కువ పడ్డాయి, లేదా ప్రజల డేటా బయటికి పోయిందనిపిస్తోంది.
చెయ్యాల్సింది: రూటర్ నుంచి అన్ని కేబుళ్లూ తీసెయ్యండి. జిల్లా ఎన్ఐసీ కేంద్రానికి, మీ శాఖకి చెప్పండి. పోర్టల్ నిర్వహించేవాళ్లకి మీ లాగిన్‌లు ఆపమని చెప్పండి. కాగితం మీద పని మొదలుపెట్టండి.

రెండో హెచ్చరిక నుంచి సెర్ట్-ఇన్‌కి తెలియజెయ్యాలి. గమనించిన 6 గంటల్లోపు అన్నది ఆదేశం. టోల్ ఫ్రీ 1800-11-4949. మీ శాఖ తరఫున ఎవరు రిపోర్ట్ చెయ్యాలో ముందే తేల్చుకోండి, లేకపోతే "వాళ్లు చేశారనుకున్నా" అనుకుంటూ 6 గంటలు అయిపోతాయి. డబ్బు పోతే ఆ నిమిషమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఆ రోజు చెయ్యకూడనివి:

- బ్యాకప్ డిస్క్ ఆ సిస్టమ్‌కి పెట్టడం
- "ఫార్మాట్ కొట్టేస్తే పోతుంది" అని షాపుకి తీసుకెళ్లడం
- డబ్బులు కట్టడం. కట్టినా ఫైళ్లు వస్తాయన్న నమ్మకం లేదు, కట్టేవాళ్లని మళ్లీ వెతుక్కుంటూ వస్తారు
- తప్పు చేసినవాణ్ణి నలుగురిలో తిట్టడం. ఒకసారి తిడితే తర్వాతిసారి ఎవరూ చెప్పరు, అది దాడికంటే పెద్ద నష్టం

ఒక్కోసారి తప్పు మీ దగ్గర ఉండదు. 2024 జూలై చివర్లో సహకార, గ్రామీణ బ్యాంకులకి సాఫ్ట్‌వేర్ సేవలిచ్చే ఒక కంపెనీ మీద ర్యాన్సమ్‌వేర్ (ఫైళ్లు లాక్ చేసి డబ్బు అడిగే వైరస్) దాడి జరిగితే, దాదాపు 300 చిన్న బ్యాంకుల చెల్లింపులు ఆగాయి. ముందుజాగ్రత్తగా చెల్లింపుల వ్యవస్థ నుంచి ఆ కంపెనీని విడదీశారు, అంటే పైన లాకు దించారు. అలాంటి రోజు మీరు చెయ్యగలిగేది కాగితం పద్ధతి సిద్ధంగా ఉంచుకోవడం, జనానికి నిజం చెప్పడం.

## 10. తిరిగి నిలబెట్టడం

అనుమతి వచ్చాకే మొదలుపెట్టండి. డిస్క్ పూర్తిగా తుడిచి విండోస్ కొత్తగా ఎక్కించడం, అప్‌డేట్‌లు, మామూలు యూజర్ అకౌంట్, తర్వాత శుభ్రమైన వేరే సిస్టమ్‌లో స్కాన్ చేసిన బ్యాకప్, అన్ని పాస్‌వర్డ్‌లూ మార్పు, చివర్న నెట్. ఈ వరస తిరగెయ్యొద్దు. బ్యాకప్ లేకపోతే లాక్ అయిన ఫైళ్లు పారెయ్యకుండా ఒక డిస్కులో దాచండి, నో మోర్ ర్యాన్సమ్ అనే సైట్‌లో కొన్ని రకాలకి తాళంచెవులు ఉచితంగా దొరుకుతాయి, ఇవాళ లేనిది రేపు రావచ్చు. బాట్ వైరస్‌లు (కంప్యూటర్‌ని దూరం నుంచి దొంగలు నడిపేలా చేసేవి) తీసే ఉచిత టూల్స్ సెర్ట్-ఇన్ వాళ్ల సైబర్ స్వచ్ఛతా కేంద్రంలో ఉన్నాయి.

ఒక వారం రోజూ సాయంత్రం విండోస్ సెక్యూరిటీ హిస్టరీ చూడండి. లోపల ఏదో మిగిలి ఉంటే మొదటి వారంలోనే తల ఎత్తుతుంది.

## 11. రోజూ, వారానికి, నెలకి

రోజూ:
- డాంగిల్ బీరువాలో ఉందా
- లేచి వెళ్లేటప్పుడు స్క్రీన్ లాక్ (విండోస్ బటన్, ఎల్)
- హాట్‌స్పాట్ ఆపి ఉందా

శుక్రవారం:
- బ్యాకప్, డిస్క్ తీసేశామా, బీరువాకి చేరిందా
- అప్‌డేట్‌లు, రీస్టార్ట్

నెల మొదటి శనివారం:
- రూటర్ జాబితా, నోట్‌బుక్ పోల్చడం
- బ్యాకప్‌లోంచి ఒక ఫోల్డర్ తెరవడం
- బదిలీ అయినవాళ్ల లాగిన్‌లు
- లాగ్ సేవ్, గడియారం

ఏడాదికి రెండుసార్లు, జూన్‌లో వరద ఏర్పాట్ల మీటింగ్ రోజు ఒకసారి, అక్టోబర్‌లో కొనుగోళ్ల ముందు ఒకసారి, రిహార్సల్ చెయ్యండి. పొద్దున పదకొండింటికి ఎవరికీ చెప్పకుండా (అధికారికి మాత్రం చెప్పి) ఒక సిస్టమ్ మీద "ఇది పడిపోయింది" అని కాగితం అతికించండి. కేబుల్ ఎవరు పీకారు, ఎన్ని నిమిషాలకి, నోట్‌బుక్ ఎక్కడుంది, ఫోన్ నంబర్ పనిచేసిందా, కాగితం మీద పని ఎంతసేపట్లో మొదలైంది, ఇవన్నీ రాయండి. ఒక ఆఫీసులో మొదటిసారి చేసినప్పుడు కేబుల్ పీకడానికి 40 నిమిషాలు పట్టింది, బల్ల వెనక వైర్లు చిక్కుపడి ఏది ఏదో తెలియలేదు. ఆ సాయంత్రమే నెట్ కేబుల్ కొనకి ఎర్ర టేపు చుట్టాం. రెండోసారి రెండు నిమిషాల్లోపే తీశారు. ముందు ఆ ఎర్ర టేపు తెచ్చుకోండి.